వానాకాలం, బయటి ప్లగ్గు

2025 ఏప్రిల్ 3, గురువారం

పొద్దున్నుంచి నిప్పులు చెరిగిన ఎండ. మధ్యాహ్నం దాటాక తిరుమలగిరి వైపు నల్లగా కమ్ముకొచ్చి ఈదురుగాలితో వాన దంచికొట్టింది. మా సికింద్రాబాదులో కార్ఖానా మెయిన్ రోడ్డు మీద బళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. చార్మినార్ మినారు నుంచి పెచ్చు ఊడిపడిందని టీవీలో చూపించారు. అంతలో కరెంటు పోయింది.

చీకటి పడ్డాక పై వాటా కుర్రాడు టార్చి పట్టుకుని దిగాడు. "అంకుల్, బాల్కనీలో స్మార్ట్ ప్లగ్ ఆఫ్‌లైన్ చూపిస్తోంది, కరెంటు వచ్చినా పనిచేస్తుందో లేదో. ఒకసారి చూస్తారా?" అన్నాడు. వెళ్లి చూస్తే ఎక్స్‌టెన్షన్ బోర్డు సజ్జా కింద నేలమీదే ఉంది. దాని మీద స్మార్ట్ ప్లగ్గు, ప్లగ్గులో కూలరు పిన్ను, మొత్తానికి ఒక పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు. కవరు లోపల అర గ్లాసు నీళ్లు. ఆ కవరు వానను ఆపలేదు గానీ లోపలికి దిగిన నీటిని మాత్రం బయటికి పోనివ్వలేదు.

మెయిన్ దించి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు లాగాను. పిన్నుల మొదట్లో పచ్చగా చిలుము. కుడివైపు పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, గోరుతో గీకితే పొడిగా రాలింది. ఇది ఇవాళ్టి వాన పని కాదు. చిలుము పట్టిన పిన్ను సరిగ్గా ఆనదు, ఆనని చోట వేడి పుడుతుంది, వేడికి సాకెట్టు లోపలి స్ప్రింగు పట్టు సడలుతుంది, సడలిన కొద్దీ వేడి పెరుగుతుంది. ఇలా నెలల తరబడి సాగి ఉంటుంది. యాప్‌లో అన్నాళ్లూ పచ్చచుక్కే ఉండి ఉంటుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. పానకం, వడపప్పు అయ్యాక కుర్రాడు కొత్త ప్లగ్గు డబ్బా పట్టుకొచ్చాడు. అట్ట మీది అక్షరాలు చదవడానికి భూతద్దం కావాల్సి వచ్చింది. 230 వోల్టులు, 16 ఆంపియర్లు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, సున్నా నుంచి 40 డిగ్రీల దాకా. 'ఇంటి లోపల వాడకానికి మాత్రమే' అని అన్నింటికన్నా చిన్న అక్షరాల్లో. మే నెలలో మన ఊళ్లో నీడపట్టునే 40 దాటుతుంది. ఎండ తగిలే మూసిన డబ్బాలో ఎంతవుతుందో చెప్పక్కర్లేదు. వానకు భయపడి గాలి చొరని డబ్బాలో బిగిస్తే ఎండకే చస్తుంది.

ఐపీ అంకెల సంగతి అడిగాడు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 44 అంటే ఏ వైపు నుంచి చిందినా ఫరవాలేదు. 65 అంటే దుమ్ము అసలు చొరబడదు, పైపుతో కొట్టినా తట్టుకుంటుంది. 67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా నీరు దిగదు. అసలు మెలిక ఇంకోటుంది. మూత ఉన్న సాకెట్టు మీద రాసిన అంకె చాలావాటికి మూత మూసి ఉన్నప్పుడే వర్తిస్తుంది. పిన్ను గుచ్చి మూత సగం తెరుచుకుని ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. పిన్ను లోపల ఉండగా కూడా మూసుకునే లోతైన మూత ఉన్నవి వేరే దొరుకుతాయి. అలాంటిది, దానికి తగిన ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు రాణిగంజ్‌లో చూడమన్నాను. ఇనుప బాక్సు గట్టిదేగానీ లోపలికి వైఫై సిగ్నల్ రాదు.

నా మటుకు నేను చెప్పిందొకటే. ప్లగ్గు గదిలోనే ఉండాలి. బయటికి పోయేది తీగ ఒక్కటే.

ఏప్రిల్ 20, ఆదివారం

కూలర్ల కాలం. మన దగ్గర కిటికీ బయట స్టాండు మీద నిలబెట్టే ఇనుపరేకు కూలరు కన్నా ప్రమాదకరమైన వస్తువు ఇంట్లో ఇంకోటి లేదు. అడుగున నీళ్లు, నీళ్లలో బుల్లి పంపు, పంపు తీగకు ఎండావానా, చుట్టూ రేకు. పంపు తీగ తొడుగు పగిలితే డొక్కంతా కరెంటే. ఏటా వేసవిలో పేపర్లో ఈ వార్త రాకుండా పోదు. నీళ్లు పోస్తూనో, తడిచేత్తో గడ్డి సర్దుతూనో పట్టుకున్నవాళ్లే దానికి బలి.

కుర్రాడు ఫోను చూపించాడు. "ఆఫ్ చేసే నీళ్లు పోస్తాను కదా అంకుల్." సాకెట్టు దగ్గరికి తీసుకెళ్లి టెస్టరు చేతికిచ్చాను. ఎర్తు కన్నం పైన ఉంచి ఎదురుగా నిలబడి చూస్తే ఫేజు కుడివైపు కన్నంలో ఉండాలి. టెస్టరు ఎడమవైపు వెలిగింది. ఎవరో ఎప్పుడో తీగలు తారుమారుగా బిగించారు. అద్దె ఇళ్లలో ఇది మామూలే. స్మార్ట్ ప్లగ్గుల్లో చాలావాటి లోపలి స్విచ్చు, అంటే రిలే, తెంపేది ఒక్క తీగనే, ఫేజు ఉండాల్సిన వైపు తీగను. సాకెట్టు తారుమారైతే ఫోనులో ఆఫ్ నొక్కినా కూలరు ఆగుతుందేగానీ లోపలి తీగల్లో ఫేజు అలాగే కూర్చుంటుంది. పైగా ఆ రిలే లోపల రెండు మొనల మధ్య సందు వెంట్రుకవాసి. దాన్ని నమ్ముకుని తీగ ముట్టుకోకూడదు. నీళ్లు పోసే ముందు పిన్ను ఊడబెరికి చేతిలో పట్టుకోవాల్సిందే.

కుర్రాడి మొహం పాలిపోయింది. ఆ పూటే సాకెట్టు తీగలు సరిచేశాం.

ఏప్రిల్ 21, సోమవారం

ఎర్తు గుంత దగ్గర గడ్డి పీకి రెండు బకెట్లు నీళ్లు పోశాను. ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్తు పేరుకే ఎర్తు. ఉప్పు, బొగ్గు వేసిన పాత గుంత ఇది. నీళ్లు తాగాకే పనిచేస్తుంది.

మీటరు బోర్డులో ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నొక్కాను. ఠక్కున పడింది. ఇప్పటికీ మన ఎలక్ట్రీషియన్లు దీన్ని ఈఎల్‌సీబీ అనే అంటారు. ఇది గల్లాపెట్టె దగ్గర గుమాస్తాలాంటిది. ఫేజులో పోయిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తగ్గితే, అంటే అది ఎవరి ఒంట్లోంచైనా నేలలోకి పోతూ ఉండొచ్చు, మూడో వంతు సెకను కూడా ఆగదు, తెంపేస్తుంది. ఎంసీబీ ఆ పని చెయ్యదు. దాని లెక్కంతా తీగ వేడెక్కిందా లేదా అని. 16 ఆంపియర్ల ఎంసీబీ కింద మనిషి పోయినా అది పడదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసరు మనుషుల మీద పరీక్షలు చేసి, పట్టుకున్న తీగను తమంతట తాము వదిలెయ్యగలిగే కరెంటు ఎంతో లెక్కగట్టాడు. మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు పదిన్నర. అది దాటితే వేళ్లు బిగుసుకుపోతాయి, వదలాలన్నా వదలలేరు. ఆయనే 1961లో 5 మిల్లీ ఆంపియర్లకే తెంపే పరికరం కనిపెట్టాడు. అమెరికాలో 1973 నుంచి ఇంటి బయటి సాకెట్లకు అది తప్పనిసరి. మన కాలనీలో ఎన్ని ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లదైనా ఉందో మీటరు బోర్డుల మూతలు తీసి చూడాలనిపిస్తుంది. పనిలేని పెద్దమనిషి అంటారని ఊరుకుంటున్నాను.

మే 26, సోమవారం

నైరుతి ఈసారి తొందరపడింది. రోహిణి కార్తెలోనే తెలంగాణలోకి వచ్చేసింది. మామిడికాయ ముక్కలు ఆరబెట్టే టైము కూడా ఇవ్వలేదని మా ఆవిడ గొణుగుడు.

బాల్కనీ పని పూర్తయింది. స్మార్ట్ ప్లగ్గు గదిలో, గోడ సాకెట్టులోనే. అక్కణ్ణుంచి మూడు తీగల రబ్బరు కేబులు గోడ కన్నంలోంచి బయటికి. కన్నం లోపలినుంచి బయటికి వాలుగా కొట్టించాను. బయట నడుమెత్తున మూతపెట్టె, కేబులు అడుగు నుంచే, గ్లాండు బిగించి. పెట్టెలోకి ఎక్కే ముందు కేబులును జానెడు కిందికి వేలాడదీసి, వంపు తిప్పి పైకి తెచ్చాను. సాయంత్రం జల్లు పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. గోడ మీంచి కేబులు వెంట జారిన చుక్క వంపు అడుక్కి వచ్చి, కాసేపు ఊగి, అక్కణ్ణుంచే నేలకు రాలింది. పైకెక్కి పెట్టెలో దూరలేదు. దీనికి పైసా ఖర్చు లేదు. తీగ పొట్టిగా కోసి పొదుపు చేసే మేస్త్రీలకు ఈ జానెడే తట్టదు.

జూన్ 8, ఆదివారం

మృగశిర. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి జనం బారులు. మా ఇంట్లో ఇంగువ బెల్లం.

వెనక వీధిలో ఒకాయన సంపు మోటారుకు స్మార్ట్ ప్లగ్గు పెట్టుకున్నాడు. మాకు నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు సంపు నింపుకుని, పైకి కొట్టుకోవాలి. ఆయన ఆఫీసులో కూర్చుని మోటారు వేసేవాడు. మొన్న యాప్‌లో ఆఫ్ అని ఉంది, మోటారు మాత్రం ఆగలేదు. మేడ మీది ట్యాంకు నిండి, పొర్లి, వీధి పొడుగునా కాలువ కట్టింది. నీళ్ల కోసం కాచుకునే వీధిలో అంతకన్నా పెద్ద నేరం లేదు. నలుగురూ పోగై తిట్టారు.

ఇవాళ వెళ్లి చూశాను. ఆఫ్ అని చూపిస్తూనే కింద 1,100 వాట్లు వాడుతోందని లెక్క చూపిస్తోంది. అంటే రిలే మొనలు అతుక్కుపోయాయి. 16 ఆంపియర్లు అని అట్ట మీద రాసేది హీటరు లాంటి లోడుకు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు అయిదారు ఆంపియర్లే తీసుకున్నా, లేచే క్షణంలో దానికి అయిదారు రెట్లు గుంజుతుంది. ఆ గుంజుడుకు మొనల మధ్య నిప్పురవ్వ లేచి, ఒక రోజు వెల్డింగు పెట్టినట్టు అతుక్కుంటాయి.

మోటారుకు స్టార్టరే కావాలి. కాంటాక్టరు, ఓవర్‌లోడు రిలే ఉన్నది. ఫోను సరదా తీరకపోతే స్మార్ట్ ప్లగ్గు చేత కాంటాక్టరు కాయిల్‌కు మాత్రమే కరెంటు ఇప్పించాలి, అది పిసరంత లోడు. ట్యాంకు నిండితే ఆపడానికి ఫ్లోటు స్విచ్చు పెట్టుకోవాలి. దానికి వైఫై అక్కర్లేదు, వానతో పని లేదు, ఆఫీసులో మీటింగు ఉందా లేదా అన్నది అక్కర్లేదు. అయినా ఆ వాట్ల లెక్క మాత్రం నాకు నచ్చింది. సంపు అడుగంటి మోటారు గాలి లాగుతుంటే వాట్లు ఒక్కసారిగా పడిపోతాయి. సీలు మాడకముందే తెలిసిపోతుంది. అంత మంచి గుణం ఉన్నదాన్ని స్విచ్చుగా కాక మీటరుగా వాడుకోవచ్చు.

జులై 13, ఆదివారం

ఉజ్జయినీ మహంకాళి బోనాలు. ఇంటినిండా చుట్టాలు. గేటుకు, ప్రహరీకి సీరియల్ బల్బులు కట్టాం. ఎల్‌ఈడీ దండలు గనక లోడు లెక్కలోకి రాదు, స్మార్ట్ ప్లగ్గుకు సరైన పని ఇదే. సాయంత్రం ఆరున్నరకు వెలిగి, పదకొండుకు ఆరాలి.

ఏడు దాటాక కరెంటు పోయి పది నిమిషాలకు వచ్చింది. బల్బులు వెలగలేదు. "ఇదేం స్మార్టు అన్నయ్యా?" అని మా చెల్లెలు నవ్వింది. సెట్టింగుల్లో కరెంటు తిరిగొచ్చాక ఏం చెయ్యాలో అడుగుతుంది. ఆఫ్‌గా ఉండాలా, వెలగాలా, పోకముందు ఎలా ఉందో అలాగే ఉండాలా. నేనే ఆఫ్ పెట్టాను. దండలకు ఎలా ఉన్నా ఒకటే గానీ, మోటారు, ఇస్త్రీపెట్టె, గ్రైండరు లాంటివి కరెంటు రాగానే వాటంతటవి లేస్తే పక్కనున్న మనిషి వేళ్లు పోతాయి. ఇంటి మొత్తానికి ఒకే నియమం ఉంటే నాబోటి ముసలివాడు మర్చిపోడు.

ఇంకో చిక్కు గడియారం. ఈ ప్లగ్గుల్లో చాలావాటికి లోపల బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే టైము మర్చిపోయి, మళ్లీ ఇంటర్నెట్ నుంచి అడిగి తెలుసుకుంటాయి. కరెంటు వచ్చి నెట్ రాకపోతే ఎప్పుడు వెలగాలో వాటికి తెలియదు. గాలివాన రోజు జరిగేది సరిగ్గా అదే. రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టాను. అయినా వీధిలో కేబులు తెగితే ఎవరేం చేస్తారు.

జులై 18, శుక్రవారం

సాయంత్రం కుండపోత. ప్యాట్నీ వెనక పైగా కాలనీలో మనుషుల్ని పడవల్లో బయటికి తెచ్చారట. మన సికింద్రాబాదులో, పడవల్లో! 2000 ఆగస్టు 24 గుర్తొచ్చింది. ఆనాడు బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు.

వాన మొదలవగానే బయటి పెట్టెల పిన్నులన్నీ పీకించాను. ఉరుముల్లో ఫోనులో ఆఫ్ నొక్కడం చాలదు, పిడుగు తెచ్చే వోల్టేజీకి రిలే సందు అడ్డేమీ కాదు. వీధిలో మోకాటి లోతు నీళ్లు. చెప్పుల కోసం కరెంటు స్తంభం వైపు పోబోయిన పిల్లాణ్ణి కేకేసి ఆపాం.

ఆగస్టు 18, సోమవారం

రామంతాపూర్‌లో రాత్రి కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తీగ తగిలి అయిదుగురు పోయారు. బండి ఆగిపోతే చేతులతో నెట్టుకుంటూ వెళ్తున్నారట. ఇవాళ ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 28, గురువారం

నిన్న చవితి. రాష్ట్రమంతా వాన, కామారెడ్డి, మెదక్ నీళ్లలో ఉన్నాయి. మా వీధి చివర మండపం పిల్లలు తాతా అంటూ వచ్చారు. రామంతాపూర్ తర్వాత ఇళ్లలో భయపడుతున్నారట, కరెంటు ఎలా తీసుకోవాలో చెప్పమన్నారు. టార్పాలిన్ కింద ఇనుప రాడ్లు, రాడ్లకు చుట్టిన తీగలు, అతుకుల దగ్గర ఇన్సులేషన్ టేపు. స్తంభం నుంచి కొక్కెం వెయ్యొద్దన్నాను. మీటరున్న ఇంటినుంచి ఆర్‌సీసీబీ దాటాక ఒకే కేబులు, దారిలో అతుకు లేకుండా. రాడ్లకు తీగ చుట్టకుండా తాడు కట్టి, తాడుకు తీగ. పైన తీగలు పోతుంటే టార్పాలిన్ కర్ర ఎత్తకముందే 1912కు ఫోను. ఫోనుతో లైట్లు మార్చే ప్లగ్గు పెట్టుకుంటామన్నారు. పెట్టుకోండి, కానీ ఇంటి లోపల. మండపంలో రాత్రి పడుకునే ఇద్దరికీ ఆ మెయిన్ ఎక్కడుందో చూపించి, చీకట్లో దించమని చెప్పి పరీక్ష పెట్టాను. ఒకడు టార్చి లేకుండానే దించాడు.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. డల్లాస్ నుంచి మావాడు ఫోను. బయట వాడేవంటూ రెండు సాకెట్ల ప్లగ్గులు పంపిస్తానన్నాడు, వానకూ మంచుకూ తట్టుకునే రేటింగు ఉన్నవట. వద్దన్నాను. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. అడాప్టరు తగిలించి గుచ్చితే వానకన్నా ముందు వోల్టేజీయే దాన్ని తినేస్తుంది. అడాప్టరు పెట్టాక ఆ రేటింగూ ఉండదు. ఆ డబ్బులకు పిల్లలకు పుస్తకాలు కొనమన్నాను.

అక్టోబర్ 28, మంగళవారం

మొంథా తుఫాను. ఈ రాత్రి కాకినాడ చుట్టుపక్కల తీరం దాటుతుందంటున్నారు. ఇక్కడా ముసురు పట్టింది.

అమలాపురం నుంచి బావమరిది ఫోను. "బావగారూ, మా కొబ్బరితోట మోటారుకు పెట్టిన ప్లగ్గు మా అబ్బాయి బెంగళూరు నుంచి ఆపరేట్ చేస్తాడు. ఇప్పుడేం చెయ్యమంటారు?" గాలి మొదలవకముందే మెయిన్ దించి, పిన్ను పీకి, ప్లగ్గు ఇంట్లోకి తెచ్చుకోమన్నాను. బెంగళూరులో కూర్చున్నవాడికి ఇక్కడ మోటారు నీళ్లలో మునిగిందో, దాని మీద ఎవరి చెయ్యి ఉందో కనపడదు. వాన వెలిసింది కదా అని వాడు ఆన్ నొక్కితే, నీళ్లలో నిలబడి తీగ తీస్తున్న పాలేరు పోతాడు. నీళ్లు దిగి, బోర్డు ఆరి, ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు పెట్టి చూసేదాకా మెయిన్ ఎత్తొద్దు. ఆ తర్వాత కూడా మోటారు వెయ్యాల్సింది తోటలో ఉన్న మనిషే. వాళ్ల అబ్బాయికి నేనే ఫోను చేసి, ఆ మోటారును యాప్‌లోంచి తీసెయ్యమని చెప్పాను. తీసేశాడు.